పాత కంప్యూటర్ పత్రికల్ని చదవనివ్వండి: హక్కుదారులకు ఒక బహిరంగ లేఖ

మూతపడిన కంప్యూటర్ పత్రికల హక్కులు ప్రస్తుతం చేతిలో ఉన్న ప్రచురణ సంస్థల యాజమాన్యాలకు,

నమస్కారం.

ఈ లేఖ తమకే రాశారన్న సంగతి మీలో కొందరికి తట్టకపోవచ్చు. అందులో మీ తప్పేమీ లేదు. ఒక సంస్థను ఇంకో సంస్థ కొంటుంది, దాన్ని మూడోది కొంటుంది. ఆ బేరాల్లో ఎప్పుడో ఆగిపోయిన ఒక మాసపత్రిక ఆస్తుల జాబితాలో ఏదో మూల ఉండి చేతులు మారుతూ పోతుంది. బైట్ పత్రిక సంగతే చూడండి. 1975 సెప్టెంబరులో మొదలైంది. 1979లో మెక్‌గ్రా హిల్ కొంది. 1998లో సీఎంపీ చేతికి వెళ్లి, ఆ ఏడాది జులై సంచికతో ఆగిపోయింది. తర్వాత సీఎంపీని మరో సంస్థ కలుపుకుంది, ఆ సంస్థను 2018లో ఇంకొకటి కొనేసింది. ఇన్ని సంతకాల మధ్య ఆ పాత సంచికల గతేమిటని అడిగినవాళ్లు ఎవరూ ఉండి ఉండరు. ఇప్పుడు నేను అడుగుతున్నాను.

ఏం కావాలో ముందే చెప్పేస్తాను. న్యాయవిభాగం వాళ్లు రెండో పేజీ దాకా చదువుతారన్న నమ్మకం నాకు పెద్దగా లేదు. మూతపడిన మీ కంప్యూటర్ పత్రికల్ని మొదటి సంచిక నుంచి చివరి సంచిక వరకు, అట్ట నుంచి అట్ట దాకా, ప్రకటనలు, ఉత్తరాల పేజీలు, దిద్దుబాట్లతో సహా స్కాన్ చేసి ఎవరైనా ఉచితంగా చదువుకునేలా ఉంచవచ్చని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టండి. డబ్బు అడగడం లేదు. పని కూడా అడగడం లేదు. స్కాన్ చేసే చేతులు చాలానే ఉన్నాయి, సొంత ఖర్చుతో చేసేవాళ్లు ఉన్నారు. లేనిదల్లా ఆ కాగితమే.

కంప్యూటర్ అభిమానుల లోకంలో బాగా పేరుపడ్డ మొదటి బహిరంగ లేఖ దీనికి సరిగ్గా ఎదురు కోరికతో వచ్చింది. 1976 ఫిబ్రవరిలో ఇరవై ఏళ్ల బిల్ గేట్స్ హాబీగా కంప్యూటర్లు కట్టుకునేవాళ్లకు రాసిన ఉత్తరం అది. ఆల్టెయిర్ అనే తొలి ఇంటి కంప్యూటర్ కోసం తాము రాసిన బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషను డబ్బు కట్టకుండా కాపీలు తీసుకుంటున్నారని, ఇలాగైతే మంచి సాఫ్ట్‌వేర్ రాసేదెవరని నిలదీశాడు. ఆయన కోపంలో న్యాయం ఉంది. ఆ సరుకు అప్పుడు అమ్మకానికి ఉంది, దాని మీద బతకాలనుకున్నవాళ్లు ఉన్నారు. మీ పత్రికల విషయంలో అమ్మకమే లేదు. డబ్బు చేత పట్టుకుని వచ్చినా కొనుక్కోవడానికి దొరకని వస్తువు గురించి మాట్లాడుతున్నాను. అన్నట్టు, ఆ ఉత్తరాన్ని మనం ఈ రోజు యథాతథంగా చదవగలుగుతున్నామంటే, హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ అనే అభిమానుల సంఘం కరపత్రం లాంటి పలచటి కాగితాలను ఎవరో పారేయకుండా దాచారు కాబట్టే.

ఇదంతా పాత జ్ఞాపకాల మోజు అని మీరు అనవచ్చు. మోజు ఉంది, కాదనను. క్యాసెట్ నుంచి ప్రోగ్రాం ఎక్కుతున్నంతసేపు వచ్చే ఆ కీచు శబ్దం, టీవీ తెర అంచుల్లో పరుగెత్తే రంగు చారలు, జెడ్‌ఎక్స్81 అనే చిన్న ఇంటి కంప్యూటర్ వెనక తగిలించిన 16 కిలోబైట్ల ర్యామ్ ప్యాక్ (అదనపు మెమరీ పెట్టె) కాస్త కదిలితే చాలు, అంతసేపూ టైప్ చేసిందంతా గాలిలో కలిసిపోవడం... ఇవి తలచుకుంటే ఆ రోజుల్లో వాటిని తిట్టుకున్నవాళ్లు కూడా ఇప్పుడు నవ్వుతారు. స్పెక్ట్రమ్ కంప్యూటర్ రబ్బరు కీలు, కమొడోర్ 64 కంప్యూటర్ బరువైన అడాప్టర్, ఫ్లాపీ డ్రైవ్ తల వెతుక్కుంటూ చేసే గరగర, వీటి మీద ప్రేమ పెంచుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. చెడిపోయిన పాత బోర్డులు తెచ్చుకుని బాగుచేసుకుంటాను, పత్రికలు పోగేస్తాను. అమ్ముకోను.

కానీ మోజు ఒక్కటే అయితే మీకు ఉత్తరం రాయాల్సిన అవసరం లేదు. యంత్రాలు మ్యూజియాల్లో అద్దాల వెనక భద్రంగానే ఉన్నాయి, చూసి మురిసిపోవచ్చు. నా గోల ఏమిటంటే, అలా దాచినది సగం కంప్యూటరే. మిగతా సగం పత్రికలో ఉండేది. మాట వరసకు అనడం లేదు, ఆ యంత్రాలు పనిచేసిన తీరే అది.

1975 జనవరి పాపులర్ ఎలక్ట్రానిక్స్ అట్ట మీద ఆల్టెయిర్ 8800 బొమ్మ వచ్చింది. వ్యక్తిగత కంప్యూటర్ల చరిత్ర చెప్పేవాళ్లలో చాలామంది అక్కడే మొదలుపెడతారు. ఆ బొమ్మలో ఉన్నది ఖాళీ పెట్టె. ఆల్టెయిర్ తయారుచేసిన ఎంఐటీఎస్ సంస్థ పంపిన అసలు నమూనా రవాణాలో పోయింది, గడువు ముంచుకొచ్చింది, స్విచ్‌లూ లైట్లూ బిగించిన డొల్ల పెట్టెనే ఫొటో తీసి అచ్చేశారు. ఆ ఖాళీ పెట్టెను చూసే, తర్వాత గేట్స్‌తో కలిసి మైక్రోసాఫ్ట్ పెట్టిన పాల్ అలెన్ సంచిక కొనుక్కుని గేట్స్ దగ్గరికి వెళ్లాడు. ఆ వ్యాసం చదివే వేల మంది కిట్ కోసం డబ్బు పంపారు. పంపినవాళ్లకు వచ్చింది ఇంటెల్ 8080 చిప్, 256 బైట్ల మెమరీ, సోల్డరింగ్ చేసుకోవాల్సిన గుట్టెడు ముక్కలు. కీబోర్డు లేదు, తెర లేదు. ముందున్న స్విచ్‌లు పైకీ కిందికీ వేసి ఒక్కో బైట్‌ను లోపలికి తోయాలి. ఆ తర్వాత ఏం చేయాలి? జవాబు యంత్రంతో రాలేదు. నెలనెలా పత్రికల్లో వచ్చింది.

డాక్టర్ డాబ్స్ జర్నల్ 1976లో పుట్టిందే అలాంటి జవాబు కోసం. చిన్న మెమరీలో ఇమిడే టైనీ బేసిక్‌ను (బేసిక్ భాషకు పొట్టి రూపం) ఎలా రాయాలో చెప్పి, ఎవరికి వారు రాసుకున్నవాటిని అచ్చు వేయడం దాని మొదటి పని. లిచెన్ వాంగ్ రాసిన పాలో ఆల్టో టైనీ బేసిక్ అందులోనే వచ్చింది. 'కాపీరైట్, ఆల్ రైట్స్ రిజర్వ్‌డ్' అనే మామూలు మాటను వెక్కిరిస్తూ దాని తలమీద 'కాపీలెఫ్ట్, ఆల్ రాంగ్స్ రిజర్వ్‌డ్' అని రాసుకున్నాడాయన. గేట్స్ లేఖ వచ్చిన ఏడాదే ఇది. ఒకవైపు వాదన, మరోవైపు దానికి కోడ్ రూపంలో ఎదురుజవాబు, రెండూ నాసిరకం కాగితం మీదే.

క్యాసెట్ సంగతి ఇంకా విచిత్రం. తొలిరోజుల్లో ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో టేపు మీద డేటా రాసేది. ఒకరి టేపు ఇంకొకరి యంత్రానికి అర్థమయ్యేది కాదు. దాన్ని సరిచేయడానికి చొరవ తీసుకున్నది ఒక పత్రిక. 1975 నవంబరులో బైట్ వాళ్లు కాన్సాస్ సిటీలో తయారీదారులను కూర్చోబెట్టి ఒక ఒప్పందానికి తెచ్చారు. సున్నాకు 1200 హెర్ట్జ్ శబ్దం నాలుగు ఆవృత్తులు, ఒకటికి 2400 హెర్ట్జ్ శబ్దం ఎనిమిది ఆవృత్తులు, సెకనుకు 300 బిట్లు. 4 కిలోబైట్ల ప్రోగ్రాం ఎక్కడానికి రెండున్నర నిమిషాలు పడుతుంది. మామూలు టేప్ రికార్డర్‌తోనే పని జరిగిపోతుంది. ఆ తర్వాత 1977 మే నెలలో ఇంటర్‌ఫేస్ ఏజ్ పత్రిక ఒక అడుగు ముందుకేసి, ఇదే పద్ధతిలో 6800 చిప్ కోసం రాసిన బేసిక్‌ను పలచటి ప్లాస్టిక్ గ్రామఫోన్ రికార్డు మీద ముద్రించి సంచికతో పాటు ఇచ్చింది. రికార్డు ప్లేయర్ మీద పెట్టి, ఆ శబ్దాన్ని కంప్యూటర్‌కి వినిపిస్తే ప్రోగ్రాం ఎక్కేస్తుంది. ఇక్కడ పత్రిక ఎక్కడ ఆగింది, హార్డ్‌వేర్ ఎక్కడ మొదలైంది? మీలో ఎవరి దగ్గరైనా చిరగని, గీతలు పడని అలాంటి సంచిక ఉంటే, దయచేసి గోడౌన్ ఖాళీ చేసే కాంట్రాక్టర్‌కి మాత్రం ఇవ్వకండి.

కంప్యూటర్ కొనుక్కోవడమే కుదరని చోట్ల పత్రికే కంప్యూటర్ అయింది. యుగోస్లావియాలో బయటి నుంచి యంత్రం తెప్పించుకోవడానికి కట్టుదిట్టమైన పరిమితులు ఉన్న రోజుల్లో, వోయా ఆంటోనిచ్ అనే ఇంజినీరు జెడ్80 చిప్‌తో ఎవరికి వారు ఇంట్లో కట్టుకోగల కంప్యూటర్ తయారుచేశాడు. ఖరీదైన వీడియో చిప్ పెట్టకుండా, తెర మీద బొమ్మ వేసే పనిని కూడా ప్రాసెసర్ చేతే చేయించాడు. ఆ డిజైన్ అంతా 1983 చివర్లో గలాక్సియా పత్రిక ప్రత్యేక సంచికగా వచ్చింది. కంప్యూటర్‌కి పేరు కూడా పత్రికదే, గలాక్సియా. వందల్లో కడతారనుకుంటే వేల మంది కట్టుకున్నారు. ప్రోగ్రాములు బెల్‌గ్రేడ్ రేడియోలో శబ్దంగా ప్రసారమయ్యేవి, విన్నవాళ్లు టేపు మీద పట్టుకునేవాళ్లు. సోవియట్ యూనియన్‌లో రాడియో అనే పత్రిక 1986లో రాడియో-86ఆర్‌కే అనే కంప్యూటర్ సర్క్యూట్ బొమ్మలనూ మెషీన్ కోడ్‌నూ (చిప్ నేరుగా పాటించే సంఖ్యల ఆదేశాలు) అచ్చు వేసింది. 29 చిప్‌లతో పూర్తి కంప్యూటర్. ఆ పేజీలు లేకపోతే ఆ యంత్రాలు లేవు.

ఇక ప్రోగ్రాం లిస్టింగులు, అంటే ప్రోగ్రాంను వరుస వరుసగా అచ్చు వేసిన పేజీలు. వీటి గురించి నేను కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మీ న్యాయవిభాగానికి అవి అంకెలు నిండిన చెత్త పేజీల్లా కనిపిస్తాయని నా అనుమానం.

1980ల్లో ఇళ్లలో కంప్యూటర్ ఉన్న పిల్లలకు సాఫ్ట్‌వేర్ దొరికే తేలికైన దారి పత్రికే. లిస్టింగ్ చూస్తూ టైప్ చేయాలి. బేసిక్ అయితే చదివి అర్థం చేసుకోవచ్చు, మార్చి చూడవచ్చు. మెషీన్ కోడ్ అయితే వట్టి సంఖ్యలు. 1984 జనవరిలో కంప్యూట్స్ గెజెట్ పత్రిక స్పీడ్‌స్క్రిప్ట్ అనే వర్డ్ ప్రాసెసర్‌ను ఇలాగే అచ్చు వేసింది. చార్లెస్ బ్రానన్ రాసిన ఆ ప్రోగ్రాం బజారులో అమ్మే వాటితో పోటీ పడగలిగింది. దాన్ని పొందాలంటే వందల వరుసల సంఖ్యలు కొట్టాలి. తప్పులు పట్టడానికి ఎంఎల్‌ఎక్స్ అనే చిన్న సహాయక ప్రోగ్రాం ఇచ్చారు. వరుసకు ఆరు బైట్లు, ఏడో సంఖ్య సరిచూసుకోవడానికి. ఏడోది కుదరకపోతే యంత్రం ఆ వరుసను ఒప్పుకోదు, మళ్లీ కొట్టమంటుంది. ఈ రోజు ప్రోగ్రామర్లుగా బతుకుతున్న ఒక తరంలో చాలామందికి చెక్‌సమ్ (ఇలా సరిచూసుకునే సంఖ్య) అంటే ఏమిటో వేలికొనలతో తెలిసింది అలాగే, పాఠ్యపుస్తకంతో కాదు.

ఆ పేజీలను ఇప్పుడు బతికించడం ఎంత కష్టమో చెప్తాను. లిస్టింగ్ చాలాసార్లు డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కాగితాన్నే ఫొటో తీసి అచ్చు వేసినది. రిబ్బన్ పాతదైతే అక్షరాలు వెలిసిపోయి ఉంటాయి. సున్నాకూ ఓ అక్షరానికీ, 8కీ బీ అక్షరానికీ, ఒకటికీ ఐ అక్షరానికీ తేడా చుక్క సిరాలో ఉంటుంది. మామూలు వ్యాసంలో ఓసీఆర్ (స్కాన్ బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్) ఒక అక్షరం తప్పు చదివితే మనిషి సరిచేసుకుని చదువుతాడు. లిస్టింగ్‌లో ఒక అంకె మారితే ప్రోగ్రాం చస్తుంది, లేదా ఇంకా ఘోరంగా, పావుగంట బాగా నడిచి చస్తుంది. ఇక్కడ ఆ చెక్‌సమ్ ఇప్పటికీ కాపలా కాస్తోంది. ఓసీఆర్ చేసిన తప్పుల్ని పట్టడానికి ఇప్పటి వాళ్లు అప్పటి ఏడో సంఖ్యనే వాడుకోవచ్చు. కాకపోతే పేజీ స్పష్టంగా ఉండాలి. జిగురు బైండింగ్ వేసిన లావు సంచికలో వరుస చివరి అంకెలు లోపలి మడతలో దాక్కుంటాయి. గ్రంథాలయాలు ఏడాది సంచికల్ని కలిపి కుట్టించిన సంపుటాల్లో ఆ అంకెలు ఇంకా లోతుకు పోతాయి. ఇప్పుడు అక్కడక్కడ దొంగచాటుగా తిరిగే స్కాన్లు చాలావరకు ఇలాంటి సంపుటాల్ని హడావిడిగా, చిన్న సైజులో తీసినవి. మీ అనుమతి లేకపోవడం వల్ల స్కాన్లు ఆగలేదు, చెడ్డ స్కాన్లు మాత్రమే మిగిలాయి. అనుమతి ఉంటే ఎవరైనా బైండింగ్ కోసి, పేజీలు విడదీసి, మంచి రిజల్యూషన్‌లో నింపాదిగా చేస్తారు.

ఇంకో చిక్కుంది. లిస్టింగ్‌లో తప్పు ఉంటే దిద్దుబాటు తర్వాతి నెలో, ఆ పై నెలో వస్తుంది. మార్చి సంచిక దొరికి మే సంచిక దొరకకపోతే ఆ ప్రోగ్రాం ఎప్పటికీ నడవదు. అందుకే 'మంచి సంచికలు కొన్ని ఎంచి విడుదల చేస్తాం' అనే ఉదారమైన ప్రతిపాదనలు నాకు పనికిరావు. వరుస మొత్తం కావాలి.

ప్రకటనలు ఎందుకని చాలామంది అడుగుతారు. నిజం చెప్పాలంటే నేను వ్యాసాల కంటే ప్రకటనలే ఎక్కువ చదువుతాను. 1980ల మొదట్లో బైట్ సంచికలు కొన్ని 700 పేజీలు దాటాయి, వాటిలో చాలా పేజీలు ప్రకటనలే. చిప్‌లు పోస్టులో అమ్మే దుకాణాల ధరల పట్టికలు చిన్న అక్షరాల్లో పేజీలకు పేజీలు ఉండేవి. మెమరీ ధరలు ఏడాదికేడాది ఎలా పడిపోయాయో లెక్క కట్టినవాళ్లు ఆధారపడింది ఇలాంటి ప్రకటనల మీదే. కమొడోర్ 64 1982లో 595 డాలర్లకు వచ్చి, మరుసటి ఏడాదే 200 డాలర్ల చుట్టుపక్కలకు పడిపోయింది. ఆ ధరల యుద్ధంలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1983 అక్టోబరులో ఇంటి కంప్యూటర్ల వ్యాపారం నుంచే తప్పుకుంది. వరుసగా నెలనెలా ప్రకటనలు తిరగేస్తే ఆ పతనం కళ్లముందు జరుగుతుంది, ఏ చరిత్రకారుడూ చెప్పనక్కర్లేదు. పైగా ఇద్దరు ముగ్గురు మనుషులతో నడిచి ఏడాదికే మూతపడ్డ చిన్న కంపెనీలు వందల్లో ఉన్నాయి. వాటి బోర్డు ఏదైనా ఈ రోజు చేతికి వస్తే, అది ఏమిటో, ఏ యంత్రంలో పెట్టేదో చెప్పేది ఆ పావు పేజీ ప్రకటన ఒక్కటే. చాలా గ్రంథాలయాలు స్థలం కలిసొస్తుందని ప్రకటనల పేజీలూ అట్టలూ చించేసి మిగతాది బైండ్ చేయించాయి. రాబర్ట్ టిన్నీ బైట్ కోసం గీసిన అట్టబొమ్మలు ఎన్ని అలా చెత్తబుట్టలోకి వెళ్లాయో తలచుకుంటే కడుపు మండుతుంది. మీ కార్యాలయ ప్రతుల్లో ఇవన్నీ చెక్కుచెదరకుండా ఉండే అవకాశం ఎక్కువ.

బాగుచేసేవాడిగా ఇంకొక్క మాట. పాత యంత్రాలు ఇప్పుడు వరుసగా జబ్బు పడే వయసులో ఉన్నాయి. బోర్డు మీద అంటించిన నికెల్ కాడ్మియం బ్యాటరీ కారి రాగి దారుల్ని తినేస్తుంది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు కారుతాయి లేదా ఎండిపోతాయి. ఈప్రామ్‌లలో (ప్రోగ్రాం దాచే చిప్‌లలో) రాసినది మెల్లగా చెరిగిపోతుంది. 4116 రకం మెమరీ చిప్‌లకు మూడు వేర్వేరు వోల్టేజీలు కావాలి, వాటిలో మైనస్ 5 వోల్టులు పోతే చిప్ మాడిపోతుంది. ఈ సంగతులు తయారీదారు ఇచ్చిన పుస్తకంలో ఉండవు. స్టీవ్ సియార్సియా బైట్‌లో రాసిన సర్క్యూట్ సెల్లార్ శీర్షికలో బొమ్మలతో వివరించిన సర్క్యూట్ ఉంటుంది, లేదా ఉత్తరాల పేజీలో ఎవరో పాఠకుడు 'నా యంత్రంలో ఇలా జరిగితే ఇలా చేశాను' అని రాసిన నాలుగు ముక్కలుంటాయి. యంత్రం తయారుచేసినవాళ్లే పత్రికలకు రాసిన రోజులు అవి. యాపిల్ టూ కంప్యూటర్ గురించి దాన్ని తయారుచేసిన స్టీవ్ వోజ్నియాక్ 1977 మే బైట్‌లో స్వయంగా రాశాడు. ఆయన పేరున్నవాడు కాబట్టి ఆ వ్యాసం ఎక్కడో అక్కడ దొరుకుతుంది. పేరులేనివాళ్ల వ్యాసాలు దొరకవు.

ఇక చట్టం. రచయితల అనుమతి మా దగ్గర లేదు కదా, మేమెలా ఇస్తాం అని మీలో కొందరు అంటారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. అమెరికాలో 2001లో టాసిని కేసులో సుప్రీంకోర్టు, స్వతంత్ర రచయితల వ్యాసాలను విడదీసి ఎలక్ట్రానిక్ డేటాబేసుల్లో పెట్టడానికి ప్రచురణకర్తలకు వేరే అనుమతి కావాలని తేల్చింది. అయితే కథ అక్కడ ఆగలేదు. నేషనల్ జియోగ్రఫిక్ తన పాత సంచికల్ని పేజీ పేజీ యథాతథంగా స్కాన్ చేసి డిస్కుల మీద అమ్మినప్పుడు వచ్చిన గ్రీన్‌బర్గ్ కేసులో, 2008లో అక్కడి పదకొండో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ప్రచురణకర్త వైపు మొగ్గింది. సంచిక అచ్చయినప్పుడు ఎలా ఉందో అలాగే, అదే వరుసలో, ప్రకటనల పక్కన వ్యాసం, వ్యాసం పక్కన ఫొటోగా చూపించడం వేరు, ముక్కలు చేసి అమ్మడం వేరు అన్నది దాని సారం. అంటే నేను అభిమానంతో అడుగుతున్న రూపమే, అట్ట నుంచి అట్ట దాకా అన్న రూపమే, అక్కడి చట్టం దృష్టిలో కూడా మీకు తక్కువ ప్రమాదం ఉన్న రూపం. ఇతర దేశాల్లో లెక్క వేరు, మీ వకీళ్లు చూసుకోవాల్సిందే. కానీ 'కుదరదు' అనే ముందు ఈ తీర్పు చదవమనండి.

మీ తరఫున నిజంగా బలమైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని ఎవరూ ఎత్తరు కాబట్టి నేనే ఎత్తుతాను. పాత సంచికల్లో చిన్న ప్రకటనల్లో, ఉత్తరాల కింద మామూలు మనుషుల ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. పదమూడేళ్ల పిల్లాడు టేపులు మార్చుకుందామని ఇచ్చిన చిరునామా నలభై ఏళ్ల తర్వాత ప్రపంచమంతా వెతికి పట్టుకునేలా ఉండటం అతనికి నచ్చకపోవచ్చు. నా అభిప్రాయం ఏమిటంటే, అందరికీ తెరిచే ప్రతిలో ఆ చిరునామాల్ని కప్పేయాలి, వాటిని వెతుకులాటకు దొరకనివ్వకూడదు, కప్పని ప్రతిని గ్రంథాలయంలో పరిశోధకులకు మాత్రం ఉంచాలి. అనుమతి పత్రంలో ఈ షరతు పెట్టండి, ఎవరూ కాదనరు. దొంగచాటు స్కాన్లలో ఆ జాగ్రత్త ఎలాగూ లేదు.

మిమ్మల్ని ఎవరూ చేయని పని చేయమనడం లేదు. స్పెక్ట్రమ్ హక్కులు కొన్న ఆమ్‌స్ట్రాడ్ 1999లో, ఆ యంత్రం రోమ్‌లను (చిప్‌లో శాశ్వతంగా ఉండే ప్రోగ్రాంలను) ఎమ్యులేటర్లతో (పాత యంత్రంలా నటించే సాఫ్ట్‌వేర్‌తో) పాటు పంచుకోవచ్చని చెప్పింది. కాపీరైట్ వదులుకోలేదు, అనుమతి ఇచ్చిందంతే. ఆ ఒక్క మాటతో స్పెక్ట్రమ్ ఇప్పటికీ బతికి ఉంది. కాపీల మీద అంత కోపంతో ఉత్తరం రాసిన మనిషి స్థాపించిన మైక్రోసాఫ్ట్, తన పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఎంఎస్-డాస్ సోర్స్ కోడ్‌ను 2014లో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ద్వారా చూడనిచ్చింది, 2020లో తన జీడబ్ల్యూ-బేసిక్ సోర్స్ కోడ్‌ను విడుదల చేసింది. క్రియేటివ్ కంప్యూటింగ్ పత్రిక పెట్టిన డేవిడ్ ఆల్ తన రచనల్ని ఎవరైనా స్వేచ్ఛగా వాడుకునేలా పబ్లిక్ డొమైన్‌కి ఇచ్చేశాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలే తమ కోడ్ తెరిచాక, దాని గురించి రాసిన సమీక్ష మాత్రం తాళం వెనక ఉండటం నాకు అర్థం కాదు.

తాళం ఎంతకాలమంటారా? అమెరికా చట్టం ప్రకారం 1975 నాటి సంచికకు 95 ఏళ్ల రక్షణ. బైట్ మొదటి సంచిక 2071 జనవరి 1న స్వేచ్ఛగా బయటికి వస్తుంది. 1998 నాటి చివరి సంచిక కోసం 2094 దాకా ఆగాలి. అప్పటికి ఆ లిస్టింగులు టైప్ చేసినవాళ్లు ఎవరూ ఉండరు. ఫలానా బొమ్మలో సర్క్యూట్ తలకిందులుగా అచ్చయిందని, ఫలానా ప్రకటనలోని బోర్డు అసలు బయటికే రాలేదని చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు ఉన్నారు. వాళ్ల చేత స్కాన్ల పక్కన నాలుగు మాటలు రాయించుకోవాలంటే ఇప్పుడే రాయించుకోవాలి. 2023లో మ్యాగ్జిమమ్ పీసీ, మ్యాక్‌లైఫ్ అచ్చు ఆపేశాక అమెరికాలో ఈ జాతి పత్రికలు దుకాణాల్లో దాదాపు కనిపించకుండా పోయాయి. మీకు కాపాడుకోవాల్సిన అమ్మకాలు ఉన్నాయని నేను అనుకోవడం లేదు. ఉన్నాయనుకుంటే, మళ్లీ అచ్చు వేసి అమ్ముకోండి, అనుమతిని వ్యాపారేతర వాడకానికే పరిమితం చేసుకోండి. మొదటి వరుసలో నిలబడి కొనేది కూడా మేమే.

కొన్నేళ్ల కిందట ఒక ప్రచురణ సంస్థకు ఇలాంటి అనుమతి కోసమే రాశాను. పేరు అనవసరం. మర్యాదగా జవాబిచ్చారు. ఆ పత్రిక హక్కులు తమ దగ్గర ఉన్నాయో లేవో నిర్ధారించలేమని, నిర్ధారించలేం కాబట్టి అనుమతి ఇవ్వలేమని, అయినా అనుమతి లేకుండా వాడితే చర్య తీసుకునే హక్కు తమకు ఉందని అందులో ఉంది. మూడు వాక్యాలూ ఒకే పేరాలో ఉన్నాయి.

అందుకే చివరి విన్నపం. మీ ఫైళ్లలో వెతికించండి. కొనుగోలు ఒప్పందంలో పత్రిక పేరు కనిపిస్తే, పైన అడిగిన అనుమతి ఇవ్వండి: పత్రిక పేరు, మొదటి సంచిక తేదీ, చివరి సంచిక తేదీ, పూర్తి పేజీలుగా వ్యాపారేతర వాడకం అన్న మాట, సంతకం చేసే అధికారం ఉన్నవాళ్ల పేరు. అట్టకు అంటించి ఇచ్చిన టేపులు, డిస్కుల్లో మీరు సొంతంగా తయారుచేసినవాటిని కూడా చేర్చండి, బయటి కంపెనీల ఆటలు వదిలేయండి, వాటి సంగతి వేరే చూసుకుంటాం. కార్యాలయ ప్రతులు, బైండు సంపుటాలు, అచ్చు ఫిల్ములు మిగిలి ఉంటే, పారేసేముందు ఏదైనా మ్యూజియానికో గ్రంథాలయానికో ఒక కబురు చేయండి, లారీ వాళ్లే తెచ్చుకుంటారు. పత్రిక పేరు మీ ఒప్పందాల్లో ఎక్కడా కనిపించకపోతే, 'ఈ పత్రిక మీద మాకు ఏ హక్కూ లేదు' అని ఒక్క వాక్యం రాసి ఇవ్వండి. మాకు అదీ పనికొస్తుంది, వెతకాల్సిన తలుపుల్లో ఒకటి తగ్గుతుంది.

ఇట్లు,
ఒక పాత చందాదారుడు